అంగస్తంభన సమస్య, గుండె, షుగర్, బీపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అంగస్తంభన సమస్యతో వచ్చేవారు ముందు అడిగేది మాత్ర గురించే. మీ బీపీ ఎంత, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అని తిరిగి అడిగితే చాలామందికి అర్థం కాదు, దానికీ దీనికీ ఏం సంబంధమని. సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరిది. మళ్లీమళ్లీ వస్తున్న సందేహాలను దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట గమనించినప్పుడు

ఒకట్రెండు సార్లు కుదరలేదు. ఇది జబ్బేనా?

కాదు. అలసట, మద్యం, నిద్ర చాలకపోవడం, మనసులో మరేదో దిగులు... వీటిలో ఏది ఉన్నా ఏ మగవాడికైనా అప్పుడప్పుడూ ఇలా జరుగుతుంది. కలయికకు సరిపడా గట్టిదనం రాకపోవడం, వచ్చినా చివరిదాకా నిలవకపోవడం సుమారు 3 నెలలుగా ఎక్కువసార్లు జరుగుతుంటే అప్పుడు దాన్ని అంగస్తంభన లోపం అంటారు. అయితే పొగతాగే అలవాటో, షుగరో, బీపీయో ఉన్నవారు 3 నెలలు నిండేదాకా ఆగనక్కర్లేదు. మార్పు కనిపించగానే చూపించుకోవచ్చు.

అంగస్తంభనకూ గుండెకూ అసలు సంబంధం ఏమిటి?

స్తంభన అంటే ప్రధానంగా రక్తప్రసరణే. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి నరాల ద్వారా సంకేతం వస్తుంది. అంగంలోని నరాల చివర్లు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో నాళాల గోడల్లోని కండరం వదులై, రక్తం వేగంగా వచ్చి నిండుతుంది. నిండిన కణజాలం ఉబ్బి, రక్తాన్ని బయటికి తీసుకెళ్లే సిరలను నొక్కిపెడుతుంది. గట్టిదనం నిలిచేది అందువల్లే.

ఆ లోపలి పొర పేరు ఎండోథీలియం. గుండె, మెదడు, మూత్రపిండాలు, అంగం... ఎక్కడి ధమని లోపలైనా ఉండేది ఈ పొరే. పొగ, అధిక షుగర్, అధిక బీపీ, చెడు కొలెస్ట్రాల్ దాన్ని దెబ్బతీస్తే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, నాళం అవసరమైనంత తెరుచుకోదు, గోడలో కొవ్వు పేరుకోవడం మొదలవుతుంది. గుండెపోటుకు దారితీసే ప్రక్రియ కూడా ఇదే. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. అంగస్తంభనకు వాడే మాత్ర సిల్డెనాఫిల్‌కు (వయాగ్రా) అదే ఏడాది మార్చిలో అమెరికాలో అనుమతి లభించింది. ఆ మందు మీద పరిశోధన మొదట జరిగింది గుండెనొప్పి కోసమే.

మరి సమస్య ముందుగా అక్కడే ఎందుకు బయటపడుతుంది?

నాళాల సైజును చూస్తే తెలుస్తుంది. అంగానికి రక్తం తెచ్చే ధమని వ్యాసం 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండె కండరానికి రక్తం తెచ్చేవి 3 నుంచి 4 మిల్లీమీటర్లు. మెడలోంచి మెదడుకు వెళ్లే ధమని 5 నుంచి 7. జబ్బు ఒళ్లంతటి నాళాల్లో ఒకేలా పెరుగుతున్నా సన్ననివాటిలో ప్రవాహం ముందు తగ్గుతుంది. పైగా స్తంభనకు రక్తప్రవాహం కొద్ది క్షణాల్లోనే ఎన్నో రెట్లు పెరగాలి కాబట్టి చిన్న లోపమైనా దాగదు.

రక్తనాళాల కారణంగా వచ్చే అంగస్తంభన సమస్యకూ, ఛాతీనొప్పి వంటి గుండె లక్షణాలకూ మధ్య తరచుగా 2 నుంచి 5 ఏళ్ల వ్యవధి ఉంటుందని అధ్యయనాలు చూపించాయి. మాత్ర వేసుకుని పని జరిగిపోయిందని ఊరుకుంటే చేజారేది ఈ వ్యవధే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌ను సరిచేసుకోవడానికి ఇంతకంటే మంచి అదను మళ్లీ రాదు.

అంటే నాకు గుండెపోటు రాబోతోందనా?

అలా అనుకోవద్దు. సమస్య ఉన్నవారిలో చాలామందికి గుండెపోటు రాదు. 2005లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, కొత్తగా అంగస్తంభన లోపం వచ్చినవారికి ఆ తర్వాతి ఏళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు మిగతావారికంటే సుమారు 25 శాతం ఎక్కువగా వచ్చాయి. పొగతాగడం వల్లనో, కుటుంబంలో గుండెపోటు చరిత్ర ఉండడం వల్లనో పెరిగే ముప్పుతో పోల్చదగినంత పెరుగుదల ఇది. బ్రిటన్‌లో గుండె ముప్పును లెక్కగట్టడానికి వాడే క్యూరిస్క్3 లెక్కలో 2017 నుంచి అంగస్తంభన లోపం కూడా ఒక అంశంగా చేరింది. కాబట్టి దీన్ని భయపడాల్సిన విషయంగా కాక, బీపీ రీడింగ్‌ను పట్టించుకున్నట్టే పట్టించుకోవాల్సిన విషయంగా చూడండి.

పొద్దున్నే బాగానే గట్టిపడుతోంది, భార్యతో ఉన్నప్పుడే కుదరడం లేదు. ఇదీ రక్తనాళాల సమస్యేనా?

అయ్యే అవకాశం తక్కువ. ఆరోగ్యవంతుల్లో రాత్రి నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, 3 నుంచి 5 సార్లు స్తంభన కలుగుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు గమనించేది వాటిలో చివరిదాన్నే. అది మునుపటంత గట్టిగా ఉంటే నరాలు, నాళాలు పనిచేస్తున్నట్టే. ఆందోళన, ఈసారైనా కుదురుతుందా అన్న భయం, దంపతుల మధ్య మనస్పర్థలు ఎక్కువగా కారణమవుతాయి. ఇలాంటి సమస్య ఉన్నట్టుండి మొదలవుతుంది, ఒక రోజు ఉండి ఒక రోజు ఉండదు.

రక్తనాళాల సమస్య అలా రాదు. నెలల తరబడి మెల్లగా ముదురుతుంది, పొద్దుటి గట్టిదనం కూడా తగ్గుతూ వస్తుంది, ఎక్కడైనా ఎప్పుడైనా ఒకేలా ఉంటుంది. అయితే ఈ రెంటికీ మధ్య గీత గీయడం ఎప్పుడూ కుదరదు. నాళాల లోపంతో ఒకట్రెండు సార్లు విఫలమైనవారికి ఆపైన భయం కూడా తోడవుతుంది. అందుకే అంతా మనసులోనే ఉంది అని తేల్చే ముందు కనీసం బీపీ, షుగర్ చూడాలి.

నాకింకా 34 ఏళ్లే. నాకూ ఈ పరీక్షలన్నీ కావాలా?

అన్నీ అక్కర్లేదు గానీ, మౌలికమైనవి కావాలి. 40లోపు వారిలో మానసిక కారణాలే ఎక్కువన్నది నిజమే. కానీ చిన్న వయసులో నాళాల వల్ల ఈ సమస్య వస్తే, దాన్ని 65 ఏళ్లవారిలో వచ్చినదానికంటే ఎక్కువ పట్టించుకోవాలి. ఎందుకంటే ఆ వయసులో మామూలుగా ఉండకూడని మార్పు అది. పొట్ట ఉన్నా, పొగతాగుతున్నా, తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు గుండెజబ్బు వచ్చి ఉన్నా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ తప్పనిసరిగా చూపించుకోండి.

వయసు మీద పడితే ఇది మామూలే కదా?

తరచుగా కనిపిస్తుంది గానీ, పట్టించుకోనక్కర్లేదని కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల పురుషుల మీద 1987–89లో జరిగిన సర్వేలో 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది ఉందని తేలింది. పూర్తిగా లోపించినవారు సుమారు 10 శాతమే. వయసుతో పాటు షుగర్, బీపీ, మందుల వాడకం కూడా పెరుగుతాయి. వయసును ఆపలేం, మిగతావాటిని ఆపవచ్చు.

కోరికే తగ్గింది, లేదా త్వరగా అయిపోతోంది. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. కోరిక తగ్గితే టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్), థైరాయిడ్, కుంగుబాటు, వాడుతున్న మందుల వైపు చూడాలి. శీఘ్ర స్ఖలనానికి కారణాలు, చికిత్స వేరు. అయితే గట్టిదనం పోతుందన్న భయంతో తొందరపడేవారూ ఉంటారు. అలాంటప్పుడు ముందు అంగస్తంభనకు చికిత్స చేస్తారు.

## డాక్టర్ దగ్గర, పరీక్షల దశలో

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? చెప్పడానికి మొహమాటంగా ఉంది.

ముందు మీ ఫ్యామిలీ డాక్టరో, జనరల్ ఫిజీషియనో చాలు. ఎక్కువమందికి అక్కడితోనే సరిపోతుంది. అంగం వంకరపోవడం, దెబ్బ తగలడం, ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత సమస్య రావడం వంటివి ఉంటే యూరాలజిస్ట్ కావాలి.

మొహమాటంగా ఉంటే గదిలోకి వెళ్లగానే ఒకే వాక్యం చెప్పండి: “కొన్ని నెలలుగా అంగం సరిగా గట్టిపడటం లేదు.” మిగతాది డాక్టరే అడుగుతారు. ఎప్పటినుంచి, పొద్దున్నే ఎలా ఉంటోంది, మెట్లెక్కితే ఆయాసం ఉందా అన్నవి ముందే ఆలోచించుకుని వెళ్లండి. వాడుతున్న మందులన్నిటి పేర్లూ కాగితం మీద రాసుకోండి, నాటుమందులు, జిమ్ సప్లిమెంట్లతో సహా. తీవ్రతను అంచనా వేయడానికి 5 ప్రశ్నల ఫారం ఇవ్వవచ్చు. దానికి గరిష్ఠంగా 25 మార్కులు. 22 లేదా అంతకంటే ఎక్కువ వస్తే సమస్య లేనట్టు, 7 లేదా తక్కువైతే తీవ్రంగా ఉన్నట్టు.

ఏయే పరీక్షలు చేస్తారు? ఎంత వస్తే ఎక్కువ?

బీపీ, బరువు, నడుము కొలత, కాళ్లలో నాడి చూస్తారు. రక్తంలో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్ వివరాలు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు కోసం), పొద్దుటిపూట టెస్టోస్టెరాన్ అడుగుతారు. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్‌కు ముందు దశ, 126 లేదా ఎక్కువైతే షుగర్. హెచ్‌బీఏ1సీలో ముందు దశకు 5.7 నుంచి 6.4 శాతం, షుగర్‌కు 6.5 లేదా ఎక్కువ. లక్షణాలు లేనివారిలో ఒక్క రిపోర్టుతో షుగర్ అని ముద్ర వేయరు, ఇంకో పరీక్షతో నిర్ధారిస్తారు.

ఇంకో లెక్క కూడా చూడాలి. నడుము 102 సెంటీమీటర్లకు మించడం (దక్షిణాసియా సంతతివారికి 90 చేరినా ఎక్కువే), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 150 లేదా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 40 కంటే తక్కువ, బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరడం, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ. ఈ ఐదింటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. విడివిడిగా చూస్తే ప్రతి అంకే “కాస్త ఎక్కువ, అంతే” అనిపిస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. మూడు కలిసి ఉన్నప్పుడు అవి నాళాలకు చేసే నష్టం మాత్రం కాస్తంత కాదు.

టెస్టోస్టెరాన్ సాయంత్రం చేయించాను, తక్కువ వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా?

తొందరపడకండి. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. ఉదయం 7 నుంచి 11 మధ్య, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయించాలి. జ్వరం, పెద్ద జబ్బు ఉన్న రోజుల్లో చేయిస్తే తప్పుడు అంకె వస్తుంది. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాములకు తక్కువగా ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటారు. పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, నిద్రలో శ్వాస ఆగడం ఈ హార్మోన్‌ను తగ్గిస్తాయి. చాలామందిలో బరువు తగ్గితే అది పెరుగుతుంది.

పిల్లలు కావాలనుకునేవారు బయటినుంచి టెస్టోస్టెరాన్ తీసుకోకూడదు. అది వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది. గుండె మాటకొస్తే, 2023లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో నిజంగా లోపం ఉన్నవారికి ఇచ్చినప్పుడు గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు ఎక్కువగా కనిపించాయి. నిర్ధారణ అయ్యాక, పర్యవేక్షణలో తీసుకోవాల్సిన మందు ఇది.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇక గుండె బాగున్నట్టేనా?

అలా అనుకోలేం. పడుకోబెట్టి తీసే ఈసీజీలో పాత గుండెపోటు గుర్తులు, లయ తేడాలు తెలుస్తాయి. ధమనుల్లో 50, 60 శాతం పూడిక ఉన్నా అది నార్మల్‌గానే రావచ్చు. అందుకే డాక్టర్ ఈసీజీ ఒక్కదాని మీదే ఆధారపడకుండా వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగ, కుటుంబ చరిత్ర కలిపి ముప్పును లెక్కగడతారు. ముప్పు మధ్యస్థంగా తేలితే ట్రెడ్‌మిల్ పరీక్షో, గుండె ధమనుల్లో సున్నం ఎంత పేరుకుందో చూపే సీటీ స్కానో అడగవచ్చు. ఏ లక్షణమూ లేని వ్యక్తికి అంగస్తంభన సమస్య ఉందన్న ఒక్క కారణంతో యాంజియోగ్రామ్ చేయరు.

షుగర్ ఉన్నవారి విషయంలో మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. వారిలో నరాలు దెబ్బతిని గుండెనొప్పి తెలియకపోవచ్చు. 2004లో వెలువడిన ఒక ఇటాలియన్ అధ్యయనంలో, లక్షణాలేవీ లేకుండా గుండె ధమనుల్లో పూడికలున్న షుగర్ రోగుల్లో 33.8 శాతం మందికి అంగస్తంభన లోపం ఉంది. పూడికలు లేనివారిలో అది 4.7 శాతమే.

ఇంట్లో బీపీ, నడుము కొలత ఎలా చూసుకోవాలి? ప్రతిసారీ వేరే అంకె వస్తోంది.

ఎక్కువమంది నడిచొచ్చి వెంటనే కొలుస్తారు, లేదా చొక్కా చేతి మీదుగా పట్టీ కడతారు. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీని బట్ట అడ్డం లేకుండా పైచేతికి కట్టి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. లావు చేతులవారు పెద్ద పట్టీ వాడాలి.

నడుము కొలతంటే ప్యాంటు సైజు కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, మామూలుగా గాలి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కోవద్దు.

## షుగర్, బీపీ, బరువు ఉన్నవారికి

నాకు పదేళ్లుగా షుగర్ ఉంది. షుగర్ ఉన్నవారికి ఇది ఎందుకంత ఎక్కువ?

దెబ్బ మూడు వైపుల నుంచి పడుతుంది కాబట్టి. నాళాల లోపలి పొర పాడవుతుంది, సంకేతం తెచ్చే నరాలు మొద్దుబారతాయి, చాలామందిలో టెస్టోస్టెరాన్ కూడా తగ్గుతుంది. షుగర్ ఉన్న మగవారిలో సుమారు సగం మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. మిగతావారికంటే పదేళ్లు ముందే మొదలవుతుంది. మాత్రలు వీరిలోనూ పనిచేస్తాయి గానీ కొంత తక్కువగా, తరచుగా ఎక్కువ డోసు కావాల్సి వస్తుంది.

షుగర్ కంట్రోల్‌లోకి వస్తే మళ్లీ మామూలైపోతుందా?

ఎంత త్వరగా కంట్రోల్ చేస్తే అంత ఆశ ఉంటుంది. జబ్బు తొలి ఏళ్లలో నాళాల పొర కోలుకోగలదు. ఏళ్ల తరబడి దెబ్బతిన్న నరాలు అంతగా కోలుకోవు. అప్పుడు కంట్రోల్ వల్ల వచ్చే లాభం మరింత ముదరకుండా ఆగడమే, అది చిన్న లాభం కాదు. షుగర్‌తో పాటు బీపీ, కొలెస్ట్రాల్ కూడా లక్ష్యంలో ఉండాలి. హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసుకుని మిగతావి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు.

బీపీ మాత్రలు మొదలుపెట్టాకే ఇలా అయింది. ఆపేయొచ్చా?

సొంతంగా ఆపకండి. కొన్ని రకాల బీటా బ్లాకర్లను (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మందులు) ఉన్నట్టుండి ఆపితే గుండెనొప్పి, గుండెపోటు రావచ్చు. మీ అనుమానం మాత్రం సరైనదే కావచ్చు. అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి పాత బీటా బ్లాకర్లు, థయజైడ్ రకం నీటి మాత్రలు, స్పైరనొలాక్టోన్ కొందరిలో ఇబ్బంది పెడతాయి. నెబివొలాల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి సార్టాన్లు, కాల్షియం చానల్ బ్లాకర్లు సాధారణంగా స్తంభనకు అడ్డుపడవు. మాత్ర ఎప్పుడు మొదలైంది, సమస్య ఎప్పుడు మొదలైంది అని తేదీలతో చెప్పండి, డాక్టర్ మార్చగలరు. కుంగుబాటు మందులు, మానసిక వ్యాధుల మందులు, జుట్టు రాలడానికి వాడే ఫినాస్టెరైడ్ కూడా కారణం కావచ్చు.

కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ల మీద అనుమానంతో వాటిని వదిలేసేవారూ ఉన్నారు. ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూస్తే స్టాటిన్లు వాడినవారిలో స్తంభన కొద్దిగా మెరుగుపడింది. వదిలేయకండి.

బరువు తగ్గితే, నడిస్తే నిజంగా తేడా వస్తుందా? ఎంత నడవాలి?

వస్తుంది, ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. 2004లో ఇటలీలో, షుగర్ లేని 110 మంది స్థూలకాయులైన పురుషుల మీద జరిగిన ట్రయల్‌లో సగం మందికి ఆహారం, వ్యాయామాల విషయంలో రెండేళ్ల పాటు గట్టి మార్గదర్శనం ఇచ్చారు. ఆ బృందంలో మూడో వంతు మందికి స్తంభన సామర్థ్యం మామూలు స్థాయికి వచ్చింది. మాటవరసకు సలహా ఇచ్చి వదిలేసిన బృందంలో అలా కోలుకున్నవారు చాలా కొద్దిమంది.

వ్యాయామం సంగతికొస్తే వారానికి 4 సార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు, కనీసం 6 నెలలు చేయాలి. మాట్లాడగలుగుతారు గానీ పాట పాడలేరు అన్నంత వేగం ఉండాలి. నెల రోజులు నడిచి తేడా లేదని మానేసేవారే ఎక్కువ. నాళాల పొర మారడానికి అంత తక్కువ సమయం చాలదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తున్నవారు వ్యాయామం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి.

సిగరెట్, మందు, గురక... వీటికీ దీనికీ లింకు ఉందా?

సిగరెట్ నేరుగా నైట్రిక్ ఆక్సైడ్‌ను తగ్గిస్తుంది, నాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. చిన్న వయసులో మానేసినవారికి లాభం ఎక్కువ. గుండెకైతే ఏ వయసులో మానినా లాభమే. మద్యం ధైర్యం ఇస్తుందనుకుంటారు గానీ, ఎక్కువైతే ఆ రాత్రే గట్టిదనాన్ని పోగొడుతుంది. ఏళ్ల తరబడి తాగితే నరాలను, హార్మోన్లను దెబ్బతీస్తుంది. పెద్దగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, పగలు కునికిపాట్లు పడేవారికి స్లీప్ అప్నియా పరీక్ష చేయించాలి. అది బీపీని పెంచుతుంది, స్తంభననూ తగ్గిస్తుంది.

## మాత్రల గురించి

ఈ మాత్రలు గుండెకు ప్రమాదం అంటారు, నిజమా?

గుండె నిలకడగా ఉన్నవారికి, డాక్టర్ చూసి రాసినప్పుడు, ప్రమాదం కాదు. సిల్డెనాఫిల్, టడలాఫిల్ బీపీని కొద్దిగా, సాధారణంగా 10 లోపే, తగ్గిస్తాయి. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, అజీర్తి రావచ్చు. సిల్డెనాఫిల్‌తో చూపులో నీలిరంగు ఛాయ, టడలాఫిల్‌తో నడుము నొప్పి కొందరిలో వస్తాయి. అసలు ప్రమాదం ఒక జోడీ దగ్గర ఉంది: ఈ మాత్రలతో పాటు నైట్రేట్లు వాడటం.

నైట్రోగ్లిజరిన్, ఐసోసార్బైడ్ డైనైట్రేట్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నికోరాండిల్... ఇవి గుండెనొప్పికి ఇచ్చే మందులు. నాలుక కింద పెట్టుకునే మాత్ర, స్ప్రే, చర్మానికి అంటించే పట్టీ, ఏ రూపంలో ఉన్నా సరే, వీటితో పాటు సిల్డెనాఫిల్ లాంటివి వేసుకుంటే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. “రోజూ వాడను, జేబులో ఉంచుకుంటానంతే” అనేవారికీ ఇదే వర్తిస్తుంది. పాపర్స్ పేరుతో పీల్చే అమైల్ నైట్రైట్ కూడా ఇదే కోవలోది. ఊపిరితిత్తుల బీపీకి ఇచ్చే రియోసిగ్వాట్‌తోనూ వాడకూడదు. ప్రోస్టేట్‌కు వాడే ఆల్ఫా బ్లాకర్లు ఉంటే తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. బీపీ 90/50 కంటే తక్కువ ఉన్నవారు, గత 6 నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు స్పెషలిస్ట్ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

రెండుసార్లు వేసుకున్నా పనిచేయలేదు. ఇక నాకు దారి లేదా?

వాడిన తీరులో లోపం ఉండే అవకాశమే ఎక్కువ. సిల్డెనాఫిల్ సాధారణంగా 50 మి.గ్రా.తో, 65 ఏళ్లు దాటినవారికి 25తో మొదలవుతుంది, కలయికకు గంట ముందు వేసుకోవాలి. నూనె, కొవ్వు దండిగా ఉన్న భోజనం చేసి వెంటనే వేసుకుంటే అది రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది, పని కూడా తగ్గుతుంది. రాత్రి భోజనం ముగించి మాత్ర మింగి పావుగంటలో ప్రయత్నించి “నకిలీ మందు” అనుకునేవారు చాలామంది. టడలాఫిల్‌కు భోజనంతో పేచీ లేదు. ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది, కానీ కనీసం రెండు గంటలు ముందు వేసుకుంటే మంచిది. దాన్నే 2.5 లేదా 5 మి.గ్రా. చొప్పున రోజూ వాడే పద్ధతీ ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం, మాత్ర తనంతట తాను స్తంభన తేదు. స్పర్శ, కోరిక ఉంటేనే పనిచేస్తుంది. డాక్టర్ అనుమతించిన పూర్తి డోసుతో, వేర్వేరు రోజుల్లో కనీసం ఆరేడు సార్లు ప్రయత్నించాకే పనిచేయలేదని తేల్చాలి. 24 గంటల్లో ఒకసారికి మించి వేసుకోకూడదు. అన్నీ సరిగా చేసినా కుదరకపోతే షుగర్, టెస్టోస్టెరాన్ మళ్లీ చూడాలి.

మూలికలతో చేసింది కదా, దుష్ప్రభావం ఉండదంటున్నారు.

డబ్బా మీద మూలికలని రాసి లోపల సిల్డెనాఫిల్, టడలాఫిల్ కలిపిన ఉత్పత్తులను అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు పట్టుకుని హెచ్చరికలు జారీ చేసింది. ఎంత డోసు కలిపారో ఎవరికీ తెలియదు. గుండెకు నైట్రేట్లు వాడుతూ, “ఇది మూలికే కదా” అని వేసుకున్నవారికి ఇది ప్రాణాంతకం. గంటలోపే గట్టి ఫలితం ఇచ్చే “మూలిక” ఏదైనా సరే, అనుమానించండి.

## గుండె జబ్బు వచ్చాక

గుండెపోటు వచ్చింది. మళ్లీ ఎప్పుడు కలవొచ్చు?

చిక్కులేమీ లేని గుండెపోటైతే, చికిత్స పూర్తయి, మామూలు నడకకు ఛాతీనొప్పి, ఆయాసం లేకుండా ఉంటే వారం తర్వాత నుంచి సాధ్యమే. ఛాతీ ఎముక కోసి చేసిన బైపాస్ తర్వాత ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఆ తర్వాత కూడా ఛాతీ మీద బరువు పడని భంగిమలు ఎంచుకోవాలి. డిశ్చార్జ్ సమయంలో ఈ విషయం డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి.

కలయిక మధ్యలో గుండెపోటు వస్తుందేమోనని భయం.

మొత్తం గుండెపోట్లలో కలయిక వల్ల వచ్చేవి 1 శాతం లోపే. గుండె మీద పడే భారం మామూలుగా చురుకైన నడకకూ, రెండంతస్తులు మెట్లెక్కడానికీ సమానం. ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, 20 నిమిషాల్లో సమతలం మీద నడిచి, ఆపైన రెండంతస్తుల మెట్లను చకచకా ఎక్కినా నొప్పి, ఆయాసం, తల తిరగడం లేకపోతే చాలామందికి కలయిక సురక్షితం. చిన్న శ్రమకే ఛాతీనొప్పి వస్తున్నవారు, బీపీ అదుపులో లేనివారు, గుండె వైఫల్యం ముదిరినవారు ముందు దానికి చికిత్స చేయించుకోవాలి. అప్పటిదాకా ఆగాలి. క్రమం తప్పక వ్యాయామం చేసేవారికి ఈ ముప్పు ఇంకా తగ్గుతుంది.

నైట్రేట్లు ఆపడం కుదరదన్నారు. ఇంకేం దారి ఉంది?

ముందుగా, నైట్రేట్ నిజంగా ఇంకా అవసరమా అని కార్డియాలజిస్ట్‌ను అడగండి. స్టెంట్ తర్వాత నొప్పి లేనివారికి కొందరిలో దాన్ని మార్చగలరు. మీరే ఆపకండి. మాత్రలు కుదరనివారికి వాక్యూమ్ పరికరం ఉంది. గొట్టంలోంచి గాలి లాగి అంగంలోకి రక్తం రప్పించి, అంగం మొదలు దగ్గర రింగు వేస్తారు. ఆ రింగును 30 నిమిషాలకు మించి ఉంచకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారికి కమిలే అవకాశం ఉంది కాబట్టి చెప్పి వాడాలి. అంగంలోకి ఇచ్చే ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్, చివరి దారిగా అంగంలో పరికరం అమర్చే ఇంప్లాంట్ ఆపరేషన్ ఉన్నాయి. ఇంప్లాంట్‌కు ముందు షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది.

మావారు డాక్టర్ దగ్గరికి రానంటున్నారు. భార్యగా నేనేం చేయగలను?

అంగస్తంభన మాట ఎత్తకుండా, బీపీ, షుగర్ చెకప్‌కు ఇద్దరం కలిసి వెళ్దామని చెప్పండి. మీరూ చేయించుకోండి. చాలామంది మగవారు తన మీద ఇష్టం తగ్గిందని భార్య అనుకుంటుందేమోనని, భార్యలు తమలో లోపమేమోనని, ఇద్దరూ మౌనంగా దూరం జరుగుతారు. రక్తనాళాల సమస్య అన్న మాట చెబితే ఆ బరువు కొంత దిగుతుంది. ఆయనకు తెలియకుండా ఆహారంలో ఏ మందూ కలపకండి, ఆయన నైట్రేట్లు వాడుతుంటే అది ప్రాణాపాయం.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

కలయిక సమయంలో గానీ, శ్రమలో గానీ ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే వెంటనే ఆపేసి అంబులెన్స్ పిలవండి. సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే గుండెనొప్పికి ఇచ్చే నైట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోవద్దు. ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ గంటకు వేసుకున్నారో సిబ్బందికి దాచకుండా చెప్పండి. సిల్డెనాఫిల్ తర్వాత కనీసం 24 గంటలు, టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు కాబట్టి వారి చికిత్స ఆ జవాబును బట్టే మారుతుంది. మీరు మాట్లాడలేని స్థితిలో ఉండవచ్చు కాబట్టి ఈ వివరం భార్యకు కూడా తెలిసి ఉండాలి.

స్తంభన 4 గంటలు దాటాక కూడా తగ్గకపోయినా, ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోయినా, ఒక్కసారిగా వినికిడి తగ్గినా అదే రాత్రి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగకూడదు.